దానంతటదే పోయిన ఫాల్ట్

నేను పదేళ్ళు ఒక రొయ్యల మేత ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. అక్కడ ఒక ప్యాకింగ్ మిషన్ ఉండేది. పైనుంచి మేత పడేది, కింద ప్లాస్టిక్ ఫిల్మ్ సంచిలా చుట్టుకుని, అతుక్కుని, తెగి బెల్టు మీదికి వచ్చేది. ఆ ఫిల్మ్‌ని ప్రతిసారీ ఒకే కొలతకి లాగడానికి, అతికించడానికి, కోయడానికి మూడు సర్వో మోటార్లు ఉండేవి. ఒక్కో మోటార్‌ని నడపడానికి ప్యానెల్లో ఒక్కో డ్రైవ్, అంటే పుస్తకమంత పెట్టె. ఆ పెట్టె మీద చిన్న గాజు కిటికీ. అంతా సవ్యంగా ఉన్నంతసేపూ దాన్ని ఎవరూ చూడరు. మిషన్ ఆగినప్పుడు అందులో ఎర్రగా రెండంకెలు వెలుగుతాయి. ఆ అంకెలు చూసి మిషన్‌కి ఏమైందో చెప్పడం నా పని.

ఈ పని తెలియనివాళ్ళు కోడ్ వచ్చిందంటే రోగం పేరు తెలిసిపోయినట్టే అనుకుంటారు. మా మేనేజర్ కూడా అంతే. "పుస్తకంలో ఉంది కదయ్యా, చూసి చెప్పడానికి ఇంతసేపా?" అనేవాడు. పుస్తకంలో రోగం పేరు ఉండదు. డ్రైవ్ తనకి ఎక్కడ కష్టమైందో మాత్రమే చెబుతుంది. ముప్పై రెండు వెలిగితే మోటార్ మీద బరువు ఎక్కువైందని అర్థం. ఆ బరువు అరిగిపోయిన బేరింగ్ వల్లనా, మేతపొడి పేరుకున్న రోలర్ వల్లనా అన్నది మనమే వెతుక్కోవాలి. చంటిపిల్ల ఏడుస్తుంది, ఎందుకేడుస్తోందో తల్లి కనిపెట్టుకోవాలి. అదీ అలాంటిదే.

మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. వరి, గోగు పండించే ఇల్లు. నేను చదివింది విజయనగరంలో ఐటీఐ. స్టార్టర్లు విప్పడం, కాలిన మోటార్లకి తీగ చుట్టడం నేర్పారు గాని, సర్వో అన్న మాట అక్కడ నేనెప్పుడూ వినలేదు. మిషన్ బిగించడానికి చెన్నై నుంచి వచ్చిన ఇంజనీరు తన ల్యాప్‌టాప్ తెర నావైపు తిప్పేవాడు కాదు. నేను పోయి వెనకాల నిలబడితే మూత దించేసి టీ అడిగేవాడు. ఆయన వెళ్ళిపోయాక, డ్రైవ్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని జిరాక్స్ తీయించి, పాసింజర్ రైల్లో పోతూ వస్తూ ఏడాదిపాటు చదివాను. తెలియని ప్రతి మాట పక్కనా పెన్సిల్‌తో అర్థం రాసుకున్నాను. ఏడాది తిరిగేసరికి చెన్నైకి ఫోన్ చెయ్యడం మానేశారు. సర్వో సంగతి అతన్నే అడగండి అని మేనేజర్ నలుగురిలో అన్న రోజున నాకు నేల మీద కాలు నిలవలేదు. ఆ మాట అంత రుచిగా ఉండకపోతే బాగుండేది.

ఆ మిషన్ మీద ముగ్గురు ఆపరేటర్లు, షిఫ్టుకి ఒకరు. వాళ్ళలో ఒకాయన గురించే ఇదంతా రాస్తున్నాను. ఆయనది శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఊరు, చేపల వేటకి పోయే కుటుంబం. మాకు చుట్టరికం ఏమీ లేదు. అయినా మొదటిరోజు నుంచీ నన్ను బావ అన్నాడు, నేనూ ఆయన్ని బావ అన్నాను. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఫ్యాక్టరీకి రాకముందు ఏటా ఎనిమిది నెలలు గుజరాత్‌లో బోట్ల మీద పనిచేసేవాడు. మా ఒడ్డున చాలా ఊళ్ళు అలాగే బతుకుతాయి. ఒక ఏడు ఇంటికి వచ్చేసరికి మూడేళ్ళ కూతురు ఆయన్ని చూసి గుర్తుపట్టలేదట.

"ఎవులో వొచ్చినారని వాళ్ళమ్మని కేకేసింది బావ" అన్నాడు నాతో, భోజనాల దగ్గర. "నాను గుమ్మంలో సంచి పట్టుకుని నిలబడిపోనాను. ఆ రోజే అనీసుకున్నాను, మరి గుజరాత్ ఎల్లనని."

ఇదంతా జరిగేనాటికి ఆరేళ్ళుగా ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద ఉన్నాడు. ఆ ఏడాది ముగ్గురు ఆపరేటర్లలో ఒకరిని పర్మినెంట్ చేస్తామని కంపెనీ చెప్పింది. ఆ ఉత్తరం వస్తే ఆయన ఇక ఇల్లు వదిలి వెళ్ళనక్కర్లేదు. రాకపోతే, కాంట్రాక్టు కూడా పోతే, ఆయనకి తెలిసిన ఇంకో పని సముద్రం మీదే ఉంది.

పని నేర్చుకోవాలన్న ఆశ ఆయనకి ఉన్నట్టు ఎవరికీ లేదు. మిగతా ఇద్దరూ కోడ్ వెలిగితే రీసెట్ నొక్కేవారు. నొక్కగానే అంకెలు పోతాయి, మిషన్ మళ్ళీ తిరుగుతుంది. ఎవరికీ చెప్పనక్కర్లేదు, ఎవరి చేతా మాట పడనక్కర్లేదు. ఈయన మాత్రం నన్ను పిలిచి అడిగేవాడు. "ఇదేటి బావ, ఈ నంబరుకి అర్థమేటి?"

నేను గురువునైపోయాను. ఒక ఎర్ర అట్ట నోటుబుక్కు కొని ప్యానెల్ పక్కన మేకుకి వేలాడదీశాను. కోడ్ వచ్చినప్పుడల్లా తారీకు, టైము, నంబరు రాసి ఆ తర్వాతే రీసెట్ నొక్కమని ముగ్గురికీ చెప్పాను. "దానంతటదే వచ్చి దానంతటదే పోయే ఫాల్ట్ ఉండదు బావ" అన్నాను ఆయనతో, మెడ నిక్కించి. "పోయిందనుకుంటాం గాని కారణం లోపలే ఉంటాది. రాసుకుంటే దొరుకుతాది." ఆయన ఆ మాటకి తల ఊపి, జేబులోంచి పెన్ను తీశాడు. నోటుబుక్కులో రాసినవాడు ఆయన ఒక్కడే.

మా వైపు ఫ్యాక్టరీల్లో సెప్టెంబర్లో విశ్వకర్మ పూజ పెద్దగా చేస్తారు. ఒడిశా పక్కన ఉండటం వల్ల అబ్బిందంటారు. ఆ రోజు మిషన్లు ఆపి, కడిగి, బొట్లు పెట్టి, దండలు వేసి, కొబ్బరికాయలు కొడతారు. ఏ మిషన్‌ని బాగుచేసేవాడు ఆ మిషన్‌కి పూజ చెయ్యాలి, అది ఆనవాయితీ. పెద్ద తుపాను వచ్చిన మరుసటి ఏడు ప్యాకింగ్ మిషన్ పూజ నాకు దక్కింది. కొత్త తువ్వాలు భుజాన వేసుకున్నాను. మూడు మోటార్లకీ పసుపు రాశాను. ఇత్తడి చెంబులో పసుపునీళ్ళు కలిపి మామిడాకుల గుత్తితో అందరూ చూస్తుండగా చల్లాను. ఫిల్మ్ లాగే మోటార్ మీద మరీ ఎక్కువగా చల్లాను, ఎక్కువ కష్టపడేది అదేనని. మిగిలిన చెంబు కూడా దాని మీదే వొంపేశాను. బావ నా పక్కన నిలబడి హారతి పళ్ళెం పట్టుకున్నాడు.

మూడు వారాల తర్వాత ఇరవై ఒకటి రావడం మొదలైంది.

మోటార్ వెనక భాగంలో ఒక చిన్న పరికరం ఉంటుంది, ఎన్‌కోడర్ అంటారు. మోటార్ ఎంత తిరిగిందో లెక్కపెట్టి, ఒక కేబుల్ గుండా డ్రైవ్‌కి చెబుతూ ఉంటుంది. ఆ కబురు మధ్యలో తెగితే డ్రైవ్ ఒక్క క్షణం కూడా ఆగదు, మోటార్‌ని నిలిపేసి ఇరవై ఒకటి చూపిస్తుంది. రోజులో ఒకసారి వచ్చేది, రెండు రోజులు రాకుండా ఉండేది, మళ్ళీ వచ్చేది. వచ్చి పోయే ఫాల్ట్ అంత దిక్కుమాలినది ఇంకోటి లేదు. నేను వెళ్ళి చూసేసరికి అన్నీ బాగానే ఉండేవి. కేబుల్ మార్చాను, రెండు డ్రైవ్‌లు అటూ ఇటూ మార్చి చూశాను, ఎర్త్ చూశాను. మోటార్ వెనక కేబుల్ వచ్చి బిగుసుకునే చోటు, అంటే ఆ కనెక్టర్ లోపల మాత్రం చూడలేదు. కేబుల్ మార్చినప్పుడు అదంతా మా హెల్పర్ చేత చేయించి, పైనుంచి చూసి సరే అనేశాను.

బావ మాత్రం మిషన్ ఆగినప్పుడల్లా రాశాడు. తారీకు, టైము, ఇరవై ఒకటి. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత ఉండేది కాదు.

ఒక శనివారం పొద్దున్న మేనేజర్ మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచాడు. టేబుల్ మీద ఆ ఎర్ర నోటుబుక్కు ఉంది. సరుకు అందక ఎక్కడో చెరువుల వాళ్ళు గోల చేస్తున్నారని పైనుంచి మేనేజర్ మీద పడ్డారు, మేనేజర్ ఇంకెవరి మీదో పడాలి.

"షిఫ్టులు వారం వారం మారుతున్నాయి" అన్నాడు మేనేజర్, పేజీలు తిప్పుతూ. "ఇతను పొద్దుట షిఫ్టులో ఉంటే పొద్దున్నే ఆగింది. మధ్యాహ్నం షిఫ్టుకి మారితే మధ్యాహ్నం ఆగింది. మిగతా ఇద్దరి దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. అంటే తప్పు మిషన్‌ది కాదు. ఏం చేస్తున్నావయ్యా, నీళ్ళ పైపు పెట్టి కడుగుతున్నావా?"

ఆయన నావైపు చూశాడు. "నేదు సార్. పొడిగుడ్డతోనే తుడుస్తన్నాను. ఆగినప్పుడల్లా రాయమన్నారు, రాస్తన్నాను."

"మిగతావాళ్ళు రాయరు సార్" అన్నాను నేను. "వాళ్ళ షిఫ్టుల్లోనూ వస్తూనే ఉంటుంది. రీసెట్ నొక్కేసి ఊరుకుంటారు."

"రాయనిదాన్ని నేనెలా చూస్తాను? రాసిందే కదా చూస్తాను" అన్నాడు మేనేజర్. తరవాత నాకు ఆఖరి మాట చెప్పాడు. రేపు ఆదివారం మిషన్ ఎలాగూ ఆపుతాం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీ ఇష్టం, కారణం పట్టుకో, పట్టుకోలేకపోతే సోమవారం నుంచి ఇతను గేటు లోపలికి రాడు.

బయటికి వచ్చాక ఆయన నవ్వడానికి చూశాడు. "నువ్వు పట్టీస్తావు బావ. నీకు దొరకనిదేటున్నాది?"

ఆదివారం పొద్దున్నే ఫ్యాక్టరీలో నేనొక్కణ్ణే. ముందుగా డ్రైవ్ జ్ఞాపకం తెరిచాను. ఆ డ్రైవ్ ఆఖరి పదహారు ఫాల్ట్‌లు, ఒక్కోటీ ఏ గంటకి వచ్చిందో సహా దాచుకుంటుంది. నాలుగు చిన్న మీటలు నొక్కుకుంటూ పోతే ఒక్కొక్కటే కనిపిస్తుంది. కాగితం మీద రాసుకుని నోటుబుక్కుతో పోల్చాను. పదహారిట్లో ఆయన షిఫ్టులో వచ్చినవి ఐదు. ఆ ఐదూ నోటుబుక్కులో ఉన్నాయి. మిగతా పదకొండూ ఆ ఇద్దరి షిఫ్టుల్లో వచ్చినవి. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఈ కాగితం ఒక్కటి చాలు, సోమవారం మేనేజర్ ముఖాన కొట్టొచ్చు అనుకున్నాను.

ఆ ఊపులో ఫిల్మ్ లాగే మోటార్ దగ్గరికి వెళ్ళి, ఇన్నాళ్ళూ నేను విప్పి చూడని ఆ కనెక్టర్‌ని విప్పాను. లోపల పసుపుపచ్చగా ఉంది.

పిన్నుల మధ్య పసుపు ముద్దలా ఎండి, అంచుల్లో ఆకుపచ్చటి తుప్పు పట్టింది. మిషన్ అదిరినప్పుడు పిన్నుల మధ్య అంటు తెగుతోంది, మళ్ళీ అంటుతోంది. నీళ్ళు అందులోకి పోకూడదు. పోకుండా ఒక రబ్బరు రింగు ఉంటుంది. ఆ రింగు అక్కడ లేదు. ఎందుకు లేదో నాకు వెంటనే గుర్తొచ్చింది. వేసవిలో బేరింగ్ మార్చడానికి ఆ మోటార్ దింపినప్పుడు రింగు తెగింది. స్టోర్‌లో వేరేది లేదు. తర్వాత వేద్దాంలే అని టేపు రెండు చుట్లు చుట్టి, బిగించి, తెప్పించమని చీటీ రాసి మరిచిపోయాను. స్టోర్‌కి వెళ్ళి చూస్తే రింగు జూలైలోనే వచ్చి సొరుగులో ఉంది, నా చీటీతో సహా.

రింగు వెయ్యనివాణ్ణి నేనే. చెంబుడు పసుపునీళ్ళు పోసినవాణ్ణీ నేనే. ఊరందరికీ ఫాల్ట్‌లు పట్టి ఇచ్చే మొనగాణ్ణి.

అక్కడ అరగంట కూర్చున్నాను. భయపడ్డానని చెప్పుకుంటే బాగుంటుంది, భయం ఎవరికైనా ఉంటుంది కాబట్టి. నన్ను జూనియర్ ఇంజనీర్ చేసే మాట ఆ నెలలోనే నడుస్తోంది, అది నిజమే. కానీ నన్ను ఆపింది అది కాదు. చెబితే మహా అయితే ఆ మాట ఆరు నెలలు వెనక్కి పోయేది. నన్ను ఎవరూ పంపించరు, ఆ మిషన్ పని నాకు తప్ప ఎవరికీ రాదు. సర్వో సంగతి అతన్నే అడగండి అన్న నోటితో మేనేజర్ 'టేపు చుట్టావా?' అని అడుగుతాడు కదా, ఆ మాట వినలేననిపించింది. అంతే. ఒక మనిషి ఇల్లు ఒకవైపు, నేను వినలేని ఒక మాట ఒకవైపు.

స్పిరిట్‌తో పిన్నులు కడిగాను, పళ్ళు తోమే బ్రష్‌తో తుప్పు తీశాను. కొత్త రింగు వేసి బిగించాను. పసుపైన గుడ్డ తీసుకెళ్ళి బాయిలర్ పొయ్యిలో వేశాను. కాగితం చింపేశాను. ఇక డ్రైవ్ జ్ఞాపకం మిగిలింది. అందులో పదహారు ఫాల్ట్‌లు ఉన్నాయి. ఎప్పుడో చెన్నై ఇంజనీరు వచ్చి తెరిస్తే ఆ గంటలు చూస్తాడు, మేనేజర్‌కి చెబుతాడు, ఇంకెవరో కనెక్టర్ సంగతి అడుగుతారు. తుడిచెయ్యడానికి ఒక మీట ఉంది, దాన్ని మూడు సెకన్లు అదిమి పట్టుకోవాలి. పొరపాటున నొక్కకుండా అలా పెట్టారు. మూడు సెకన్లూ అదిమి పట్టుకున్నాను.

సోమవారం మేనేజర్ అడిగాడు. "దొరికిందా?"

"లేదు సార్. అన్నీ బిగించి చూశాను. తేడా ఏం కనపడలేదు."

బావకి గేటు దగ్గరే చెప్పారట, ఇక రావద్దని. లోపల ఉన్న టిఫిన్ డబ్బా, చెప్పులు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. కాంట్రాక్టరు మనిషి పక్కనే నిలబడ్డాడు.

"దొరకనేదేటి బావ?" అన్నాడాయన.

"నేదు" అన్నాను.

ఆయన టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకున్నాడు. "పోనీలే, నువ్వేటి సేస్తావు" అని నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి మిషన్ ఆగలేదు. వారం పోయింది, నెల పోయింది, ఇరవై ఒకటి మళ్ళీ వెలగలేదు. ఎందుకు వెలుగుతుంది? "చూశావా?" అన్నాడు మేనేజర్, టీ తాగుతూ. "మనిషిని తీసేశాం, ఫాల్ట్ పోయింది. నువ్వు అనవసరంగా వెనకేసుకొచ్చావు." నేను బాగుచేసిన పనే బావ తప్పుకి సాక్ష్యం అయింది. ఉగాదికి మిగిలిన ఇద్దరిలో ఒకడికి పర్మినెంట్ ఉత్తరం వచ్చింది. జూనియర్ ఇంజనీర్ ఉత్తరం నాకూ వచ్చింది. ఎర్ర నోటుబుక్కు ఆ మేకుకే వేలాడింది. తర్వాతి పేజీల్లో ఎవరూ ఏమీ రాయలేదు. దాన్ని తీసి పారెయ్యడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.

బావ పని పోయిన నెలలోనే గుజరాత్ వెళ్ళాడని విన్నాను. వాళ్ళ ఊరు ఫ్యాక్టరీకి ఎంతో దూరం కాదు. ఒక్కసారి కూడా వెళ్ళలేదు. శ్రీకూర్మం గుడికి ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళినప్పుడు కూడా అటు దారి చూపిస్తుంటే మొహం తిప్పుకున్నాను.

మూడేళ్ళ తర్వాత, ఎండాకాలం మొదట్లో, ఆమదాలవలస స్టేషన్లో ఇంటికి పోయే రైలు కోసం నిలబడి ఉన్నాను. అవతలి ప్లాట్‌ఫాం మీద ఏదో బండి ఆగింది. గుజరాత్‌లో చేపల వేటకి పోయినవాళ్ళు గుంపులుగా దిగుతున్నారు, నల్లగా మాడిపోయి, వీపున పెద్ద పెద్ద సంచులతో. వంతెన దిగి వస్తున్నవాళ్ళలో ఒకాయన నా ముందు ఆగి సంచి దించాడు.

"ఒరే బావ" అన్నాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ చేతులు తాళ్ళు లాగి లాగి కొయ్యల్లా అయ్యాయి. మునుపటిలాగే నవ్వుతున్నాడు. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. కూతురు ఎనిమిదో తరగతి అన్నాడు. ఇప్పుడు తనని చూసి ఎవరో అనుకోదులే, ఫోన్లో మొహం చూస్తూనే ఉంటుంది కదా అన్నాడు.

"అక్కడ బోటులో ఇంజన్ దగ్గర నానే బావ ఇప్పుడు" అన్నాడు. "ఓ పుస్తకం పెట్టీసినాను. ఇంజన్ ఆగినప్పుడల్లా రాస్తన్నాను. టైమూ, ఏటి సప్పుడొచ్చిందో అన్నీ. సేటు సూసి మురిసిపోతాడు. నువ్వు నేర్పిందే."

నేను ఏదో అన్నాను. నా రైలు వస్తోందని మైకులో చెబుతున్నారు. ఆయన సంచి ఎత్తుకుని, అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఇంతకీ ఆ ఇరవయ్యొకటి ఎందుకొచ్చేది బావ? తరవాతయినా తెలిసిందేటి?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. మేనేజర్ ఎప్పుడో బదిలీ మీద వెళ్ళిపోయాడు. నన్ను ఎవరూ ఏమీ చెయ్యరు. పసుపు, రింగు, టేపు, నాలుగు మాటల్లో అయిపోతుంది. రైలు ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసింది.

"తెల్దు బావ" అన్నాను. "దానంతటదే పోనాది."

ఆయన సంచి మళ్ళీ దించాడు. "దానంతటదే పోయే ఫాల్ట్ ఉండదని నువ్వే కదా సెప్పీవోడివి" అన్నాడు. "మూడేళ్ళుగా ఆలోసిస్తన్నాను బావ. అయితే నా సేతిలోనే ఏదో పొరపాటున్నాది. మేనేజరు మీద అనవసరంగా కోపం పెట్టుకున్నాను."

నేను కాదనలేదు.